తాత గొంతుకి ఐదు వోల్టులు

మన క్లబ్ అలమరాలో పాత సంచికల కట్టల కింద ఒక చిన్న ఆడియో రికార్డర్ ఉందని మీలో ఎంతమందికి తెలుసు? పోయిన ఆగస్టు దాకా నాకూ తెలీదు. ఫ్రెషర్స్ మీట్ కోసం గది సర్దుతుంటే దొరికింది. ఎప్పుడో సీనియర్లు చందాలు వేసుకుని కొన్నారట. వాళ్లు పాసై వెళ్లిపోయారు, లోపల పెట్టిన రెండు పెన్సిల్ సెల్స్ మాత్రం అలాగే ఉండిపోయాయి. అవి కారి, స్ప్రింగుల మీద ఉప్పులా పేరుకుంది. కొత్త సెల్స్ వేసి చూశాను, ఉలుకూ పలుకూ లేదు. చివరికి యూఎస్‌బీ కేబుల్‌తో నా లాప్‌టాప్‌కి తగిలిస్తే స్క్రీన్ వెలిగింది. అంటే లాప్‌టాప్ పక్కనుంటే తప్ప పనిచెయ్యని పోర్టబుల్ రికార్డర్ అన్నమాట. నవ్వుకుని మళ్లీ అలమరాలో పెట్టేశాను.

పది రోజుల తర్వాత దాన్నే వెతుక్కుంటూ వచ్చాను.

మా అమ్మ వాళ్ల నాన్న, మా తాత, బషీర్‌బాగ్‌లో ఉంటాడు. ఎల్.బి. స్టేడియంలో ఏదైనా మీటింగు జరిగితే మైకు మోత ఇంట్లోకి వినిపించేంత దూరం. కరెంటు డిపార్ట్‌మెంటులో హెల్పర్‌గా చేరి, లైన్‌మన్ అయి, లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాడు. ఆయనకి గొంతు బొంగురు పోయి అప్పటికి నాలుగు నెలలు. అందరం చల్లనీళ్లనీ, దుమ్మనీ అనుకున్నాం. పరీక్షలు చేస్తే వేరే మాట వచ్చింది. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కి మూడు వారాలు టైము. మెడ దగ్గర రంధ్రం పెడతారు, ఇక దాంట్లోంచే ఊపిరి. ప్రాణానికి ఢోకా లేదు అన్నారు.

"మరి మాట?" అంది అమ్మ. డాక్టరు కొన్ని పద్ధతులున్నాయని చెప్పాడు కానీ, ఈ గొంతైతే ఉండదన్నాడు.

ఆ రాత్రి అమ్మ నన్ను పిలిచి, "నీ ఫోన్‌ల తాత మాటలు ఏమన్న ఉన్నయారా?" అని అడిగింది. వెతికాను. వాట్సాప్‌లో మూడు వాయిస్ మెసేజ్‌లు. "బిడ్డా, బస్సెక్కినవా?" ఒకటి. "వచ్చేటప్పుడు పెరుగు తీస్కరా" ఇంకొకటి. మూడోది పొరపాటున నొక్కింది, అందులో టీవీ చప్పుడు తప్ప ఏమీ లేదు. అన్నీ కలిపి 41 సెకన్లు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి, పొద్దున లేచింది మొదలు మాట్లాడుతూనే ఉండే మనిషి, నా దగ్గర 41 సెకన్లు ఉన్నాడు.

ఫోన్‌లోనే రికార్డు చేయొచ్చు కదా అని మీరు అడుగుతారు. చేసి చూశాను. ఫోన్‌కి తెలివి ఎక్కువ. మాట ఏదో, చప్పుడు ఏదో తనే నిర్ణయించి, చప్పుడు అనుకున్నదాన్ని నొక్కేస్తుంది. తాత బొంగురు గొంతులో సగం గాలే. ఆ గాలిని ఫ్యాన్ చప్పుడు లెక్కలో వేసి కోసేసింది. వాక్యాల చివర్లు మాయమయ్యాయి. ఇలాంటివేం చెయ్యకుండా ఉన్నది ఉన్నట్టు రాసుకునే యంత్రం కావాలి. అప్పుడు గుర్తొచ్చింది అలమరాలోది.

మొదటి ఆదివారం రికార్డర్, మన ఆడిటోరియం నుంచి అడిగి తెచ్చిన ఒక కండెన్సర్ మైకు, లాప్‌టాప్, అన్నీ బ్యాగులో వేసుకుని వెళ్లాను. తాత ఇనుప మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మైకుని మంచం కోడుకే క్లాంపుతో బిగించాను. లాప్‌టాప్ చార్జర్ గోడ సాకెట్‌లో పెట్టి, లాప్‌టాప్ నుంచి యూఎస్‌బీ కేబుల్ రికార్డర్‌కి ఇచ్చాను.

"ఏందిరా ఇదంత? ఆపరేషన్ ఈడనే చేస్తున్నవా?" అన్నాడు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే గుయ్‌మని మోత. తాత గొంతు పీల కాబట్టి గెయిన్ బాగా పెంచాల్సి వచ్చింది. గెయిన్ పెంచితే గొంతుతోపాటు మోతా పెరుగుతుంది. కేబుల్ తీసి పెట్టాను, మైకు మార్చి గుచ్చాను, ఏం చేసినా అదే. మంచం మీద చెయ్యి వేస్తే మోత మారుతోంది, తీస్తే ఇంకోలా వస్తోంది. నాకు సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో మంచి గ్రేడే వచ్చింది. ఆ ముక్క ఎవరికీ చెప్పకండి.

తాత చెయ్యి చాపి నా హెడ్‌ఫోన్స్ తీసుకుని ఒక చెవికి ఆనించుకున్నాడు. రెండు సెకన్లు విన్నాడేమో. "కరెంటురా గది" అన్నాడు. దిండు పక్కన పెట్టెలోంచి టెస్టర్ తీశాడు. రిటైరై ఇన్నేళ్లయినా ఆయన టెస్టర్ లేకుండా నిద్రపోడు. దాని కొసని నా లాప్‌టాప్ మెటల్ బాడీకి తాకించాడు. లోపలి నియాన్ బల్బు సన్నగా వెలిగింది.

"జూడు. బాడీల కరెంటున్నది. ఎర్తింగ్ లేదురా బిడ్డా ఈ ప్లగ్గుకు. ఈ బిల్డింగు కట్టినప్పుడు మూడో బొక్క షోకుకు పెట్టిండ్రు."

తర్వాత పుస్తకంలో చదివి అర్థం చేసుకున్నది ఇది. లాప్‌టాప్ చార్జర్ లోపల, బయటికి పోయే హై ఫ్రీక్వెన్సీ రొదని తగ్గించడానికి, మెయిన్స్ వైపుకీ మనం తాకే వైపుకీ మధ్య చిన్న కెపాసిటర్ ఉంటుంది. దాంట్లోంచి కొద్దిగా లీకేజీ కరెంటు వస్తుంది. మూడో పిన్ను ఉండి, అది నిజంగా భూమికి కలిసి ఉంటే అటు పోతుంది. లేకపోతే లాప్‌టాప్ బాడీ మీద తేలుతూ ఉంటుంది. మిల్లీయాంపులో కొంత భాగం మాత్రమే, మనిషిని ఏం చెయ్యదు, మహా అయితే వేలికి జిలజిల. కానీ అది దారి వెతుక్కుంటుంది. నేను ఇచ్చిన దారి యూఎస్‌బీ కేబుల్ నెగటివ్ వైరు, రికార్డర్, మైకు కేబుల్ మీది జాలీ, క్లాంపు, ఇనుప మంచం. మంచం మీద ఆయన, నేల మీద మంచం. మన దేశంలో కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. ఆ 50, దాని రెట్టింపు 100, ఆ పైనవీ కలిసి మైకులోకి వచ్చే మోతే గుయ్.

"చార్జర్ పీకెయ్" అన్నాడు తాత. పీకాను. మోత కత్తిరించినట్టు ఆగిపోయింది.

"మూడేండ్ల సంది ఏం చదువుతున్నవురా నువ్వు?"

నేనేం మాట్లాడలేదు. రికార్డు నొక్కాను. రికార్డర్‌ని ఆయనకి కనబడకుండా దిండు వెనక పెట్టాను. హెడ్‌ఫోన్స్ కూడా తీసేశాను, అవి పెట్టుకుని కూర్చుంటే డాక్టరు ముందు కూర్చున్నట్టుందన్నాడు. తర్వాత నలభై నిమిషాలు మాట్లాడాడు. గొంతు నొప్పి పెడుతున్నా, మధ్యమధ్య వేడినీళ్లు తాగుతూ. మొదటిసారి స్తంభం ఎక్కిన రోజు, హుస్సేన్‌సాగర్ గాలికి తెగిన తీగలు, అమ్మమ్మతో పెళ్లి. ఆ తర్వాత, ఎవరూ అడక్కుండానే, 2000 ఆగస్టు 28.

మనలో చాలామంది అప్పటికి పుట్టలేదు కాబట్టి రెండు ముక్కలు. ఆ ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో కరెంటు చార్జీలు పెంచారు. వామపక్షాలు, కాంగ్రెస్ నెలల తరబడి ఉద్యమం చేశాయి. ఆ రోజు చలో అసెంబ్లీ. అసెంబ్లీ వైపు వెళ్తున్న జనాన్ని బషీర్‌బాగ్ దగ్గర ఆపారు. పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. బషీర్‌బాగ్ అనే పేరు ఇప్పటికీ చాలామందికి ఆ రోజుతోనే గుర్తు.

మా తాత ఆ రోజు డ్యూటీ దిగి నారాయణగూడ నుంచి సైకిల్ మీద ఇంటికి బయల్దేరాడట. రోజూ వచ్చే హైదర్‌గూడ దారి మూసేస్తే కింగ్ కోఠి వైపు తిరిగాడు. చప్పుళ్లు విన్నాడు. ముందు ట్రాన్స్‌ఫార్మర్ పేలిందనుకున్నాడు. "నా చెవికి పేలుడంటే ట్రాన్స్‌ఫార్మరే గద" అన్నాడు. ఎవరో పరిగెత్తుకుంటూ వచ్చి సంగతి చెప్పారు. అప్పుడు సైకిల్ ఒక గోడకి ఆనించి, ఒంటి మీది ఖాకీ అంగీ విప్పి, మడత పెట్టి, టిఫిన్ డబ్బా సంచిలో అడుగున పెట్టాడు. బనీను మీద ఇంటికి వచ్చాడు.

"ఎందుకు తాతా? ఎవరన్నా కొడతారనా?"

"కొడ్తరని గాదు. సిగ్గయింది."

అంతే అన్నాడు. చార్జీలు పెంచింది ఆయన కాదు. ఆయన జీతంతో ఆ బిల్లు ఆయనకీ బరువే. అయినా ఆ అంగీ వేసుకుని తన సందులోకి రాలేకపోయాడు. ఇరవై ఏళ్లకి పైగా ఈ మాట అమ్మమ్మకి కూడా చెప్పలేదట. గుమ్మంలో నిలబడి వింటున్న అమ్మ మొహం చూస్తే అర్థమైంది, తనూ మొదటిసారి వింటోందని.

ఆయన అలసిపోయాక దిండు వెనక చెయ్యి పెట్టి రికార్డర్ తీశాను. స్క్రీన్ నల్లగా ఉంది.

ఏం జరిగిందో మీలో కొందరు ఈపాటికే పట్టేసి ఉంటారు. నా లాప్‌టాప్ చార్జర్‌లో ఉన్నప్పుడు ఎప్పటికీ నిద్రపోకుండా సెట్ చేసి ఉంది. బ్యాటరీ మీద ఉంటే, ఎవరూ ముట్టుకోకపోతే, పదిహేను నిమిషాలకి స్లీప్. చార్జర్ పీకిన క్షణం నుంచి ఆ గడియారం మొదలైంది. స్క్రీన్ ఆరిపోవడం నేను చూశాను కూడా. పోనీలే, ఫ్యాన్ చప్పుడు తగ్గింది, మంచిదే అనుకున్నాను. లాప్‌టాప్ నిద్రపోతూ యూఎస్‌బీ పోర్టుకి కరెంటు ఆపేసింది. రికార్డర్‌లో సెల్స్ లేవు. ఆగేముందు ఫైల్ మూసే టైము కూడా దానికి దొరకలేదు.

వేవ్ ఫైల్ ఎలా ఉంటుందంటే, మొదట్లో ఒక హెడర్, అందులో నా లోపల ఇంత డేటా ఉంది అనే లెక్క. చాలా రికార్డర్లు ఆ లెక్కని స్టాప్ నొక్కాకే రాస్తాయి. మధ్యలో కరెంటు పోతే కార్డు మీద మాటలు ఉంటాయి, కానీ ఫైల్ సైజు సున్నా. అంటే ఆ పదిహేను నిమిషాలైనా కార్డులో ఎక్కడో ఉన్నాయి. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో లాగొచ్చు. కార్డు తీసి పక్కన పెట్టి ఉంటే చాలు.

నేనేం చేశానో తెలుసా? కంగారులో రికార్డర్ మళ్లీ ఆన్ చేసి, పనిచేస్తోందో లేదో చూద్దామని అదే కార్డు మీద "హలో, హలో, మైక్ టెస్టింగ్" అని రెండుసార్లు రికార్డు చేశాను. తర్వాత హాస్టల్లో రాత్రంతా కూర్చుని లాగితే వచ్చింది నాలుగు నిమిషాలు. అందులో ఒక నిమిషం అమ్మ టీ కావాలా అని అడగడం. ఆగస్టు 28 సంగతి ఎలాగూ ఆ పదిహేను నిమిషాల తర్వాతిదే, అది కార్డు దాకా రానేలేదు.

తాతకి ఫోన్ చేసి చెప్పాను. తిడతాడనుకున్నాను. కాసేపు ఊపిరి మాత్రమే వినబడింది. తర్వాత, "సప్లై చూస్కోకుండ లైన్ ఎక్కినవు" అన్నాడు. అదే ఆయన భాషలో తిట్టు. "వచ్చే వారం రా. ఈసారి సక్కగ చెయ్."

ఆ వారం నేను చేసిన పని ఏ ల్యాబ్ ఎక్స్‌పెరిమెంటుకీ చెయ్యలేదు. ఫ్రెండ్ దగ్గర యూఎస్‌బీ మీటరు అడిగి మధ్యలో పెట్టి కొలిచాను. మామూలుగా రికార్డర్ తీసుకునేది 180 మిల్లీయాంపులు. కండెన్సర్ మైకుకి ఫాంటమ్ పవర్ ఆన్ చేస్తే 310. ఎందుకంటే ఆ మైకుకి 48 వోల్టులు కావాలి, మన దగ్గరున్నవి యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టులే. రికార్డర్ లోపలి చిన్న సర్క్యూట్ ఆ 5ని 48కి పెంచుతుంది, ఆ శ్రమకి కరెంటు ఎక్కువ లాగుతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీయాంపుల దాకా ఇస్తుంది, 3.0 అయితే 900. కాబట్టి బలం సరిపోతుంది. ఐదుని 0.31తో గుణిస్తే ఒకటిన్నర వాట్లు. నా లాప్‌టాప్ ఊరికే కూర్చుంటే 8 వాట్లు తింటోంది, బ్యాటరీ 42 వాట్-అవర్లు. రెండూ కలిపినా నాలుగు గంటల పైనే. తాత గొంతు గంట కంటే ఎక్కువ ఎలాగూ సహకరించదు.

గుయ్ పోయాక ఇంకో చప్పుడు మిగిలింది. చెవి పెడితే తప్ప వినిపించని సన్నని ఈల. యూఎస్‌బీలో డేటా మిల్లీసెకనుకి ఒక ఫ్రేమ్ చొప్పున నడుస్తుంది. హైస్పీడ్‌లో ఆ మిల్లీసెకనుని మళ్లీ ఎనిమిది ముక్కలు చేస్తారు. పోర్టు కరెంటు కూడా అదే లయలో కొద్దికొద్దిగా వణుకుతుంది. 1 కిలోహెర్ట్జ్, 8 కిలోహెర్ట్జ్, రెండూ మన చెవికి వినపడేవే. నాకు కావాల్సింది కరెంటు మాత్రమే, డేటా కాదు. కాబట్టి డేటా వైర్లు లేని, చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ వాడితే సరిపోతుంది. రూలు ప్రకారం డేటాతో పలకరించుకోని పరికరం 100 మిల్లీయాంపులకి మించి అడక్కూడదు. నా పోర్టు మాత్రం 310 ఇచ్చింది, మీది ఇస్తుందో లేదో కొలిచి చూసుకోండి.

ఆ కేబుల్ కోసం, రెండు రీచార్జబుల్ సెల్స్ కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాను. మన ప్రాజెక్టులకి ఐసీలు, బ్రెడ్‌బోర్డులు కొనే గల్లీయే. బషీర్‌బాగ్ నుంచి గన్‌ఫౌండ్రీ, ఆబిడ్స్ మీదుగా నడిచి వెళ్తుంటే చిరాగ్ అలీ లేన్ వస్తుంది. హైదరాబాద్‌లో మొట్టమొదటి రేడియో ప్రసారం ఆ సందులోంచే నడిచిందని చదివాను. 1930లలో మహబూబ్ అలీ అనే ఆయన 200 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో నడిపిన స్టేషన్ అది. తర్వాత నిజాం ప్రభుత్వం తీసుకుని, 1935 ఫిబ్రవరి 3 నుంచి దక్కన్ రేడియోగా నడిపింది. ఊరంతటికీ గొంతులు వినిపించడానికి 200 వాట్లు. నా సంచిలో ఒకటిన్నర వాటు, ఒక్క గొంతుకి. దానికే నేను ఇన్ని తిప్పలు పడుతున్నాను.

ఈ తిప్పలు నాతో మొదలవలేదు. 1933లో అమెరికాలో జాన్ లోమాక్స్, ఆయన కొడుకు అలన్ జైళ్లలో, పొలాల్లో జానపద పాటలు రికార్డు చేయడానికి తిరిగినప్పుడు, కారు వెనక డిక్కీలో పెట్టుకున్న యంత్రం బరువు 315 పౌండ్లు, అంటే 140 కిలోలకి పైనే. 1951లో స్టెఫాన్ కుడెల్‌స్కీ చేసిన మొదటి నాగ్రా రికార్డర్‌లో టేపు తిప్పే మోటారుకి కరెంటే లేదు, గడియారానికి ఇచ్చినట్టు స్ప్రింగుకి తాళం ఇచ్చేవాళ్లు. తర్వాత వచ్చిన నాగ్రా త్రీకి పన్నెండు టార్చిలైటు సెల్స్. ఎవరి గొంతైనా దొరకబుచ్చుకోవాలంటే ముందు దానికి కావాల్సిన కరెంటుని భుజాన మోసుకెళ్లాలి. తాత అన్నదీ అదే, ముందు సప్లై చూస్కో అని.

రెండో ఆదివారం తాత ముందే రికార్డర్ విప్పి కూర్చున్నాం. కారిపోయిన సెల్ గూడు చూసి, "సోడా ఉప్పు రుద్దు, పోతది" అన్నాడు.

"తాతా, అది మీ ఆసిడ్ బ్యాటరీలకి. ఇది ఆల్కలైన్ సెల్. దీనికి నిమ్మకాయ."

అమ్మ సగం నిమ్మచెక్క తెచ్చి ఇచ్చింది. దూదితో అద్ది రుద్దితే బుసబుసమని పొంగి, కింద స్ప్రింగు బయటపడింది. తుడిచి, ఆరబెట్టి, సెల్స్ వేస్తే రికార్డర్ తనంతట తనే వెలిగింది.

"అబ్బో. ఫీజు మొత్తం ఏం వట్టిగ పోలే" అన్నాడు తాత. మా ఇంట్లో దీన్ని ప్రశంస అంటారు.

ఇప్పుడు రెండు సప్లైలు. లాప్‌టాప్ నుంచి యూఎస్‌బీ, అది పోతే లోపల సెల్స్. రికార్డింగులో పెట్టి కేబుల్ పీకి చూశాను, ఎర్ర లైటు ఆరలేదు. లాప్‌టాప్ స్లీప్ ఆపేశాను, వైఫై ఆపేశాను, చార్జర్ బ్యాగులోంచి బయటికే తియ్యలేదు. మైకుని మంచం నుంచి తీసి చెక్క స్టూలు మీద పెట్టాను. రికార్డర్ ఈసారి దిండు వెనక కాదు, నా ఒళ్లో. ఒక చెవికి హెడ్‌ఫోన్. తాత చూసి, "ఇగ డాక్టరే కూసున్నడనుకుంట తియ్" అన్నాడు.

గంటన్నర మాట్లాడాడు. ఇరవై నిమిషాలకొకసారి స్టాప్ నొక్కి, కొత్త ఫైల్ మొదలుపెట్టాను, పోతే ఒక ముక్కే పోతుందని. గొంతు ముందు వారం కంటే పాడైంది. కొన్ని మాటలు పెదాలు చూస్తే తప్ప తెలియవు.

సాయంత్రం ఆరు దాటాక వాన మొదలైంది, కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది. ఫ్రిజ్ ఆగింది. పక్కింటి టీవీ ఆగింది. ఇంట్లో ఇన్ని చప్పుళ్లు ఉన్నాయని అవి ఆగాకే నాకు తెలిసింది. హెడ్‌ఫోన్‌లో తాత ఊపిరి, ఆయన వేలి గోరు గ్లాసుకి తగిలిన చప్పుడు, కిటికీ అవతల వాన. లాప్‌టాప్ తన బ్యాటరీ మీద తను నడుస్తోంది. ఎర్ర లైటు వెలుగుతోంది. మీటర్ల మీద మోత గీత దాదాపు కిందకి ఆనింది.

"జంపర్ పోయింటది. పావుగంటల వస్తది" అన్నాడు చీకట్లో.

నలభై నిమిషాలు పట్టింది. "డిపార్ట్‌మెంట్ల నేను లేను గద ఇప్పుడు" అన్నాడు. మొత్తం రికార్డింగులో అన్నిటికంటే శుభ్రంగా వచ్చింది ఆ నలభై నిమిషాలే. జీవితమంతా జనాలకి కరెంటు ఇచ్చిన మనిషి గొంతు కరెంటు లేనప్పుడే బాగా వచ్చింది.

ఆ చీకట్లోనే నేను అడిగాను, "తాతా, ఆ ఆగస్టు రోజు సంగతి మళ్లీ చెప్పవా?"

చెప్పాడు. నారాయణగూడ, మూసిన దారి, కింగ్ కోఠి, ట్రాన్స్‌ఫార్మర్ అనుకోవడం. "ఇంటికొచ్చిన" అని ఆపేశాడు. ఖాకీ అంగీ రాలేదు. నేను ఆగాను. వాన చప్పుడు ఒక పదిహేను సెకన్లు రికార్డయింది, అందులో మేమిద్దరం ఏమీ అనకపోవడం వినొచ్చు. గుర్తు చేద్దామని నోటి దాకా వచ్చింది. మొదటిసారి ఆయన చెప్పింది నాకు కాదేమో, తనకి తనే చెప్పుకున్నాడేమో అనిపించి ఊరుకున్నాను. అడిగి ఉంటే చెప్పేవాడా? ఇప్పటికీ తెలీదు.

ఆపరేషన్ అనుకున్న రోజే అయింది. బాగానే అయింది. మొదటి రెండు నెలలు పలక మీద రాసి చూపించేవాడు. తర్వాత డాక్టర్లు ఒక పరికరం ఇప్పించారు, ఎలక్ట్రోలారింక్స్ అంటారు. చిన్న టార్చిలైటంత ఉంటుంది. మెడకి ఆనించి బటన్ నొక్కితే కంపిస్తుంది. ఆ కంపనాన్ని నోటితో, నాలుకతో మాటలుగా మలచాలి. వచ్చే గొంతు ఒకే శ్రుతిలో, గుయ్‌మంటూ ఉంటుంది. అలవాటు కావడానికి వారాలు పడుతుంది. తాతకి పది రోజుల్లో వచ్చేసింది. నేను వెళ్లిన రోజు ఆయన దాంతో నాతో అన్న మొదటి వాక్యం ఇది:

"ఎర్తింగ్ లేదురా దీనికి."

అమ్మ నవ్వింది, తర్వాత వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ రికార్డింగులు అమ్మ ఫోన్‌లో వేసి ఇచ్చాను. తను రాత్రిళ్లు వింటుంది. తాత మాత్రం వినడు. ఒకసారి అమ్మ వింటుంటే లేచి బాల్కనీలోకి వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను. చాలాసేపు కింద ట్రాఫిక్ చూశాడు. తర్వాత పరికరం మెడకి ఆనించి అడిగాడు.

"నా అంగీ సంగతి ఉన్నదా అండ్ల?"

"లేదు తాతా. అది మొదటిసారి చెప్పినవు. పోయిందది."

"యాదికున్నదా నీకు?"

ఉంది అన్నాను.

"రాస్కో మరి" అన్నాడు. బ్యాటరీ అయిపోయినట్టుంది, చివరి మాట సగంలో ఆగింది. లోపలికి వచ్చి పరికరాన్ని నా లాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టుకి తగిలించాను. లాప్‌టాప్ బ్యాటరీ మీదే ఉంది, స్లీప్ ఆఫ్‌లో ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాను.

ఇది అందుకే రాశాను.

రికార్డర్ మళ్లీ క్లబ్ అలమరాలో పెట్టాను, పై అరలో, పక్కనే చార్జింగ్ కేబుల్, కొత్త మెమరీ కార్డు. మీ ఇళ్లల్లో ఎవరి గొంతైనా 41 సెకన్లే ఉందనిపిస్తే తీసుకెళ్లండి, పేరు రిజిస్టర్‌లో రాస్తే చాలు. చార్జర్ పీకండి, స్లీప్ ఆపండి, సెల్స్ వెయ్యండి, హెడ్‌ఫోన్ పెట్టుకోండి. ఫైల్ పోతే ఆ కార్డుని ముట్టుకోకుండా నా దగ్గరికి తెండి.

తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం సెల్స్ బయటికి తీసి పెట్టండి.